బుగ్గన నాలుగు గింజలు

బెండకాయ సూపు తాగి కళ్లు తుడుచుకునే మనుషుల్ని నేను చార్ల్‌స్టన్‌లోనే చూశాను. సూపు గొప్పదేం కాదు. మన పులుసులో చింతపండు వేయడం మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తాగేముందు నేను చెప్పే కథకి వాళ్లు అలా అయిపోయేవారు.

ఇది పోయినేడు వసంతం సంగతి. ఆ రోజుల్లో సౌత్ కెరొలైనాలోని ఈ పాత ఊరు పూలతోనూ టూరిస్టులతోనూ నిండిపోతుంది. నేను వారాంతాల్లో ఫుడ్ టూర్ గైడుని. ఓ డజను మందిని వెంటేసుకుని రాళ్లు పరిచిన సందుల్లో తిప్పుతాను. ఒకచోట రొయ్యలూ మొక్కజొన్న జావా, ఒకచోట నువ్వుల బిస్కెట్లు, ఇంకోచోట చిన్న గ్లాసుల్లో మదీరా వైను. వైను పోస్తాను గానీ తాగను. మా చర్చిలో సంస్కారపు బల్ల దగ్గర కూడా పులియని ద్రాక్షరసమే ఇస్తారు.

కంపెనీ బెవర్లీది. నల్లజాతి మనిషి, అరవై దాటినావిడ. ఆవిడ పూర్వీకుల్ని ఈ ఊరి సంతలోనే బానిసలుగా అమ్మారు. ఇంటర్వ్యూ రోజు బల్ల మీద పెట్టినవి చూసి, "బెండకాయలు, బొబ్బర్లు, నువ్వులు, బియ్యం... ఇవన్నీ మా ఇంట్లోవే" అన్నాను.

"ఇవి మాతోపాటు ఓడల్లో వచ్చాయి. మరి నువ్వెలా వచ్చావు?" అంది.

"హెచ్‌ఫోర్ వీసా మీద, మా ఆయన వెనకాల" అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వి ఉద్యోగం ఇచ్చింది.

టూర్‌లో ఆఖరి మజిలీ ఒక పెద్ద మేడ వెనకున్న వంటిల్లు. పాతకాలంలో నిప్పు భయానికి వంటిల్లు విడిగా కట్టేవారు. బానిసలు అక్కణ్ణుంచి పెరడు దాటి భోజనం మేడలోకి మోసుకెళ్లేవారు. ఆ నడిచేంతసేపూ ఈల వేస్తూనే ఉండాలని యజమానులు షరతు పెట్టేవారని అంటారు. ఈల వేసే నోరు తినలేదు కదా. దీనికి రాతలో ఆధారం లేదు కాబట్టి 'అంటారు' అన్న మాట కలిపి తీరాలని బెవర్లీ నియమం.

నేర్చుకునే రోజుల్లో మొదటిసారి అది విని, "మా నానమ్మది కూడా ఇదే కథ" అన్నాను. బెవర్లీ చేతిలో పని పక్కన పెట్టి, మొత్తం చెప్పించుకుంది. మర్నాటి నుంచి టూర్‌లో అది కూడా చెప్పమంది.

మా నానమ్మ పేరు సువార్తమ్మ. మాది గుడివాడ అవతల. ఊళ్లో కాదు, ఊరికి దూరంగా విసిరేసినట్టుండే క్రైస్తవుల పేట. పేటలో ఆడవాళ్లు ఊళ్లో పెద్ద రైతు ఇంటికి వడ్లు దంచడానికి వెళ్లేవారు. పెరట్లో రోలు చుట్టూ నిలబడి వీళ్లు దంచుతుంటే ఇంటావిడ వసారాలో కూర్చునేది. పాట ఆగకూడదని ఆవిడ ఆజ్ఞ. నోట్లో బియ్యం వేసుకుంటే పాట ఆగుతుంది. ఆగిందో, "ఏం నములుతున్నారే?" అని కేక. పొద్దున్నించీ గంజినీళ్లు తప్ప ఏమీ ఎరగని మనుషులు వాళ్లు. మా నానమ్మ బుగ్గన నాలుగు గింజలు దాచుకుని, పాట చెదరకుండా పాడటం నేర్చుకుంది. నానేదాకా ఉంచుకుని మెల్లగా మింగేది. ముసలితనంలో చర్చిలో కీర్తన పాడేటప్పుడు కూడా ఆవిడకి ఒక బుగ్గ ఎత్తుగా ఉండేది. "ఆయమ్మకి తెలీకుండా ఎన్నేళ్లు తిన్నానో" అని మనవలందరికీ గొప్పగా చెప్పేది. ఆవిడ బతుకంతటికీ ఆవిడ గెలిచింది అదొక్కటే. నేను ఆ కథ చెప్పేటప్పుడు నా బుగ్గ కూడా ఎత్తి చూపించేదాన్ని.

ఇక మా ఆయన సంగతి. పాస్‌పోర్ట్‌లో శ్యామ్‌సుందర్, ఇంట్లోనూ చర్చిలోనూ కాలేబ్. నేను పాస్‌పోర్ట్‌లో రత్నకుమారిని, ఇంట్లో రూతుని. మా పేటలో అందరికీ రెండేసి పేర్లే. చర్చి పేరు కాగితం మీదకెక్కితే ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు, సర్టిఫికెట్ లేకపోతే చదువుల్లేవు. అమెరికా వచ్చాక ఆయనకి ఆ రెండో పేరు దాచుకోవడమే పనైపోయింది.

ఆయన పనిచేసేది పక్క రాష్ట్రంలో క్యారీ అనే ఊళ్లో ఉన్న ఒక తెలుగువాళ్ల కన్సల్టింగ్ కంపెనీకి. ఓనరు వీరభద్రరావు గారు. చార్ల్‌స్టన్‌లో ఉన్న క్లయింట్ దగ్గర మా ఆయన్ని పెట్టింది వాళ్లే. వేసవిలో వీసా గడువు అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్‌కి కంపెనీ ఫైల్ చేయాలి. చేయకపోతే మేమిద్దరం, మా ప్రణవి, నా వర్క్ పర్మిట్ అన్నీ సర్దుకుని బయల్దేరాల్సిందే. వీరభద్రరావు గారు జనవరి నుంచీ "చూద్దాంలే శ్యామ్" అంటున్నారు. ఆ 'చూద్దాంలే' మా ఇంట్లో నాలుగో మనిషిలాగా తిరుగుతుండేది.

మార్చి చివర ఒక సాయంత్రం, నేను బొబ్బర్లు కడుగుతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు.

"గుడ్ ఫ్రైడే రోజు ఏం పెట్టుకోకు."

"పెట్టుకోవడానికేముంది, చర్చే కదా. మీకు నాలుగో మాట ఇచ్చారన్నారుగా." మా తెలుగు చర్చి క్యారీ పక్కనే, మోరిస్‌విల్‌లో. గుడ్ ఫ్రైడేకి ఏడు మాటల ఆరాధన ఉంటే పొద్దున్నే కార్లో బయల్దేరేవాళ్లం. సిలువ మీద ప్రభువు పలికిన మాటల్లో ఒకటి ఆయన వంతుకొచ్చింది. నెల్లాళ్లుగా రాసుకుంటున్నారు.

"అది వేరేవాళ్లకి ఇవ్వమన్నాను. వీరభద్రరావు గారు మేడంతో కలిసి వస్తున్నారు. ఇద్దరు క్లయింట్లు కూడా. వాళ్లకి లాంగ్ వీకెండ్. నీ టూరే బుక్ చేశాను."

"గుడ్ ఫ్రైడే నాడు నన్ను వైను పోయమంటారా?"

"ఫైలింగ్ అయ్యేదాకా ఆయన ఎక్కడ పోయమంటే అక్కడ పోద్దాం రూతూ." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఇంకోటి. ఆ దంపుళ్ల కథ మాత్రం చెప్పకు."

"ఎందుకు?"

"నీకు తెలీదా?"

తెలుసు. పెళ్లికి ముందు ఆయన న్యూజెర్సీలో కుర్రాళ్లతో రూమ్‌లో ఉండేవారు. ఒక ఆదివారం మంచం మీద తెలుగు బైబిలు మర్చిపోయి బయటికెళ్లారు. వచ్చాక ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు చూస్తే అందరి ప్లేట్లూ రాక్‌లో ఉన్నాయి, ఈయనది ఒక్కటీ సింకు కింద ఉంది. ఆ ప్లేటు గురించి నాకు ఒక్కసారే చెప్పారు, అదీ లైటు ఆర్పాక.

జేబులోంచి ఏదో తీసి గట్టు మీద పెట్టారు. ఇండియన్ స్టోర్‌లో కొన్న స్టిక్కర్ బొట్ల ప్యాకెట్.

"ఒక్క రోజు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పెళ్లయ్యాక మీరు నాకు కొన్న అలంకారం ఇదొక్కటే" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వించాలని లేదు.

గుడ్ ఫ్రైడే పొద్దున అద్దం ముందు నిలబడి బొట్టు అంటించుకున్నాను. స్కూలుకి సెలవు కాబట్టి ప్రణవిని కూడా తీసుకెళ్తున్నాం. అది నన్ను చూసి, "మమ్మీ, వాట్స్ దట్?" అంది.

"డ్రెస్‌కి మ్యాచింగ్" అన్నారు వాళ్ల నాన్న. పదకొండేళ్ల పిల్ల, ఆ మాట నమ్మింది. సువార్తమ్మ కథ దానికి నేనెప్పుడూ చెప్పలేదు. దాని క్లాసులో మన పిల్లలు చాలామంది ఉన్నారు, దాని చెవిన వేస్తే ఊరంతా వేసినట్టేనని ఆయన వద్దన్నారు.

వీరభద్రరావు గారు తక్కువ మాట్లాడే మనిషి, ఫోన్‌లోంచి తల ఎత్తరు. ఆయన భార్య కృష్ణకుమారి గారు అలా కాదు. కారు దిగుతూనే ప్రణవి చేతిలో పూతరేకుల డబ్బా పెట్టి, దాని జడ సవరించారు. నాతో పాటు నడుస్తూ, "పాపం, ఎండలో రోజూ ఇలా తిరుగుతావా అమ్మా, కాళ్లు నొప్పులు రావూ?" అని అడిగారు. మంచి మనిషి. ఈ మాట చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టు.

నువ్వుల బిస్కెట్ల షాపులో అడిగారు, "మీదే ఊరమ్మా?"

"గుడివాడ అవతలండీ."

"అయ్యో, మా అమ్మమ్మగారిల్లు అటే! మీది ఏ బజారు?"

ఆ ప్రశ్న మనవాళ్లు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ అడగరు. పైకి మామూలు ప్రశ్నే. నేను నోరు తెరిచేలోపు మా ఆయన వెనకనుంచి, "చిన్నప్పుడే విజయవాడ వచ్చేశారండీ వాళ్లు" అన్నారు. ఆవిడ తలూపి ఇంకో బిస్కెట్ తీసుకున్నారు.

వైను షాపులో గ్లాసులు నింపాను. మోరిస్‌విల్‌లో ఈపాటికి మూడో మాటో నాలుగో మాటో చెబుతుంటారనుకున్నాను. మా ఆయన కూడా అదే అనుకుంటున్నారని ఆయన మొహం చూస్తే తెలిసింది. క్లయింట్ ఒకరు మా ఆయన గ్లాసుకి గ్లాసు తాకిస్తే, ఈయన పెదాలు తడుపుకుని పెట్టేశారు.

ఆఖరికి వంటింటి దగ్గరికి చేరాం. ఈల సంగతి చెప్పాను. అంటారు అని కూడా అన్నాను. ఇక సూపు దగ్గరికి తీసుకెళ్లబోతుంటే, క్లయింట్లలో డయాన్ అనే ఆవిడ ఆపింది.

"మీ నానమ్మ కథ చెప్పరా? రివ్యూల్లో అందరూ దాని గురించే రాశారు, కథేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. పొద్దున్నుంచీ దానికోసమే చూస్తున్నాను."

రివ్యూల సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. బొట్టు గుర్తుకొచ్చింది, ఊరు గుర్తుకొచ్చింది, ప్రపంచమంతా చదివే ఆ రాతలు మాత్రం గుర్తుకు రాలేదు.

"ఏం కథమ్మా?" అన్నారు కృష్ణకుమారి గారు. వీరభద్రరావు గారు ఫోను జేబులో పెట్టుకున్నారు.

చెప్పాలనే అనుకున్నాను. ఏదైతే అదైంది అనుకున్నాను. అప్పుడు మా ఆయన ఇంగ్లీషులో అందుకున్నారు, నవ్వు మొహంతో.

"నేను చెప్తాను, తను చెప్తే ఏడిపిస్తుంది. వీళ్ల నానమ్మగారిది పెద్ద వ్యవసాయం. పనివాళ్లు పెరట్లో వడ్లు దంచేవారు. ఈవిడ వసారాలో కూర్చుని వాళ్లచేత పాటలు పాడించేవారు, బియ్యం తినకుండా."

చెప్పి నావైపు చూశారు. ఆ చూపులో బెదిరింపు ఉంటే నేను ఎదురు తిరిగేదాన్ని. బతిమాలుకోవడం ఉంది. సింకు కింద ప్లేటు తీసుకోవడానికి వంగినప్పుడు ఆయన ఇలాగే ఉండి ఉంటారు.

కృష్ణకుమారి గారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. "అచ్చం మా అమ్మమ్మగారింట్లోనూ ఇంతేనమ్మా! పాట ఆగిందంటే లోపల్నించి కేకేసేది. కానీ వాళ్లెంత గడుసువాళ్లనుకున్నావు? బుగ్గన గింజలు పెట్టుకుని పాడేవాళ్లు. మా అమ్మమ్మకి తెలుసు. గొంతు మారితే తెలీదా? తెలిసీ ఊరుకునేది. పోన్లే, నాలుగు గింజలేగా అనేది. ఆవిడ మనసలాంటిది."

డయాన్ కోసం అదంతా మళ్లీ ఇంగ్లీషులో చెప్పారు. ప్రణవి పక్కనే నిలబడి వింటోంది. డయాన్ గుండె మీద చెయ్యి వేసుకుని, ఎంత దయగల మనిషో అంది.

ఆవిడ చెప్పింది మా ఊరి ఇల్లేనా, పక్క ఊరిదా, నాకు తెలీదు. అడగలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. బుగ్గన గింజలుంటే గొంతు మారుతుందన్న మాట ఇన్నేళ్లలో నాకెప్పుడూ తట్టలేదు. నానమ్మకీ తట్టి ఉండదు. తట్టి ఉంటే ఆ గింజలు ఆవిడకి మింగుడుపడేవి కావు. ఆవిడ దొంగిలించాననుకుని మురిసిపోయింది కూడా వాళ్లు పడేసిన ముష్టే అయితే, ఇక ఆవిడకి మిగిలిందేమిటి?

"సూపు చల్లారిపోతుంది, రండి" అన్నాను.

ఈస్టర్ వెళ్లిన వారంలో ఫైలింగ్ అయింది. వీరభద్రరావు గారే ఫోన్ చేసి చెప్పారట, మేడంకి మీ అమ్మాయి చాలా నచ్చిందని కూడా అన్నారట. మా ఆయన ఫోన్ పెట్టేసి సోఫాలో కూలబడి చాలాసేపు మొహం కప్పుకున్నారు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. అయినా ఊరుకోలేకపోయాను.

"మా నానమ్మని తీసుకెళ్లి ఆ వసారాలో కూర్చోబెట్టారు మీరు."

"కూర్చోనీ" అన్నారు, చేతులు తీయకుండానే. "బతికుండగా ఆ వసారా ఎక్కనిచ్చారా ఆవిణ్ణి? ఇప్పుడైనా కూర్చోనీ."

ఇక ఆ కథ టూర్‌లో చెప్పొద్దన్నారు. నేను సరేనన్నాను. బెవర్లీకి చెబితే, "మీ నానమ్మ, నీ ఇష్టం" అంది. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండునని అనిపించింది.

మే నెలలో ప్రణవి స్కూల్‌లో కుటుంబ చరిత్రల కార్యక్రమం. పిల్లలు తలా ఒక చార్ట్ వేసి, స్టేజీ మీద చెప్పాలి. ఏం చేస్తున్నావే అంటే 'సర్‌ప్రైజ్' అంది. మేమిద్దరం మూడో వరసలో కూర్చున్నాం. చుట్టూ మన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు.

ప్రణవి చార్ట్ తిప్పింది. పెంకుటిల్లు, వసారాలో కుర్చీ, కుర్చీలో పట్టుచీరలో ఒకావిడ. నుదుటి మీద పెద్ద బొట్టు. కింద, పెరట్లో, రోకళ్లతో ఆడవాళ్లు. వాళ్లకి మొహాలు వేయలేదు.

"ఈవిడ మా తాతమ్మ" అంది ఇంగ్లీషులో, నిటారుగా నిలబడి. "ఆవిడకి చాలా పొలాలు ఉండేవి. పనివాళ్లు బియ్యం దొంగిలించి బుగ్గల్లో దాచుకునేవాళ్లు. ఆవిడకి తెలుసు. కానీ ఆవిడ చాలా మంచిది, అందుకని క్షమించేసేది. నేను కూడా ఆవిడలాగా దయగా ఉండాలనుకుంటున్నాను."

హాలంతా చప్పట్లు. నా పక్కనున్న ఒక తెలుగావిడ, "సో స్వీట్ అండీ" అంది. మా ఆయన చప్పట్లు కొడుతూ మధ్యలో ఆగిపోయారు. అందరూ చూస్తున్నారని మళ్లీ కొట్టారు. బయటికొచ్చాక తిన్నగా ఆఫీస్‌కి వెళ్లిపోయారు.

కార్లో ప్రణవీ నేనూ. స్టార్ట్ చేయకుండానే చెప్పాను.

"ప్రణవీ, ఆ కుర్చీలో ఉన్నది తాతమ్మ కాదు. తాతమ్మ కింద ఉంది, రోకలి పట్టుకున్నవాళ్లలో."

అది సీటుబెల్టు పట్టుకుని ఆగిపోయింది. "బట్ డాడీ చెప్పాడు కదా."

"డాడీ భయపడి అలా చెప్పాడు."

ఎందుకు భయమో, పేట అంటే ఏమిటో, మాకు రెండు పేర్లెందుకో, నాకు చేతనైనట్టు చెప్పాను. బొట్టు గురించి కూడా చెప్పాను. విన్నంతసేపూ అది చార్ట్ చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"సో, రైస్ దొంగతనం చేసింది తాతమ్మా?"

"దొంగతనం కాదమ్మా. దంచింది వాళ్లే, ఆకలేసింది వాళ్లకే."

అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"మమ్మీ, ప్లీజ్, స్కూల్‌లో ఎవ్వరికీ చెప్పొద్దు. నాకు ఫస్ట్ ప్రైజ్ ఇస్తారు అని టీచర్ చెప్పింది."

నేను కారు స్టార్ట్ చేశాను. దాని మీద కోపం రాలేదు. ఈ ఇంట్లో బతకడం ఎలాగో అది మా దగ్గరే నేర్చుకుంది. కానీ ఆ క్షణాన మా నానమ్మని నా చేతులతో నేనే పూడ్చి వచ్చినట్టయింది. ఆవిడ నిజంగా చచ్చిపోయినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

ప్రైజు వచ్చింది. బొమ్మకి ఫ్రేము కట్టించారు మా ఆయన. హాల్లో సోఫాకి ఎదురుగా మేకు కొట్టి తగిలించింది కూడా ఆయనే. వద్దనే ఓపిక నాకు లేకపోయింది. ఇంటికొచ్చిన మనవాళ్లు దాన్ని మెచ్చుకున్నప్పుడల్లా ఆయన వంటింట్లోకి వెళ్లిపోతారు.

జూన్ మొదటి శనివారం, ఎండ మాడిపోతోంది. ఒహాయో నుంచి వచ్చిన ముసలివాళ్ల గుంపు. వంటింటి దగ్గర ఈల సంగతి చెప్పాక, నేనేమీ అనుకోకుండానే నోరు దానంతటదే కదిలింది. సువార్తమ్మ అని పేరుతో సహా చెప్పాను. పేట చెప్పాను, రోలు చెప్పాను. నా బుగ్గ ఎత్తి చూపించాను. వసారాలో ఉన్నావిడకి చచ్చేదాకా తెలియనే తెలియదని చెప్పాను, గట్టిగా, ఎవరో కాదంటున్నట్టు.

ఒక పెద్దావిడ సూపు గిన్నె పట్టుకుని కళ్లు తుడుచుకుంది. "మీకు పిల్లలున్నారా? వాళ్లకీ ఈ కథ తెలుసా?"

"ఒక అమ్మాయి. తెలుసు. వాళ్ల తాతమ్మ బొమ్మ వేసి స్కూల్లో ఫస్ట్ ప్రైజ్ కూడా తెచ్చుకుంది" అన్నాను.

"ఎంత అదృష్టవంతురాలివమ్మా" అని నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. బెవర్లీ కాక ఈ ఊళ్లో మా నానమ్మని మా నానమ్మగా ఎరిగినవాళ్లు ఇక వీళ్లే, సోమవారానికి వీళ్లలో ఒక్కరూ ఇక్కడ ఉండరు.